గ్రూప్ ఫొటోలో వరుసలు: పదవ తరగతి పిల్లల రాబోయే జీవితాలను ఊహించడం గురించి

ఒక తరగతిలోని పిల్లలందరి రాబోయే జీవితాలను ఒక్కసారిగా ఊహించే పని తెలుగునాట ఏటా పదవ తరగతి వీడ్కోలు సమావేశాలు జరిగే రోజుల్లో దాదాపు ప్రతి ఉన్నత పాఠశాలలోనూ జరుగుతుంది. అయితే తాము చేస్తున్నది ఆ పనేనన్న స్పృహ చేసేవారికి సాధారణంగా ఉండదు. ప్రధానోపాధ్యాయుడు వేదిక మీద నుంచి, ఈ పిల్లల్లోనే ఒక కలెక్టరూ ఒక డాక్టరూ కూర్చుని ఉన్నారని అన్నప్పుడు, ఆటోగ్రాఫ్ పుస్తకంలో ఆశయం అని ఉన్న గడిని స్నేహితురాలు నింపి ఇచ్చినప్పుడు, ఫొటోగ్రాఫరు ఉపాధ్యాయులను కుర్చీల్లో కూర్చోబెట్టి, ఆడపిల్లలను వారి వెనక నిలబెట్టి, మగపిల్లలను బెంచీలెక్కించి గ్రూప్ ఫొటో తీసినప్పుడు, ఇంకా రాని కాలానికి అక్కడివారంతా తలొక చేయీ వేసి ఒక రూపం కడుతూనే ఉంటారు. ఆ రూపంలో ఎవరు కనిపిస్తారు, ఎవరు కనిపించరు, అది ఏ వయసు దాకా సాగి ఎక్కడ ఆగిపోతుంది అన్నవి ఈ స్మారక ఉపన్యాసం పరిశీలించే ప్రశ్నలు. స్మారక ఉపన్యాసం అన్నది గడిచిన జీవితాన్ని తలచుకునే సందర్భం కనుక అందులో గడవబోయే జీవితాల ప్రస్తావన పొసగదేమో అనిపించవచ్చు గాని, బడిపంతులు వృత్తిలో ఈ రెంటికీ మధ్య గోడ ఎన్నడూ లేదు. పంతులును తలచుకునేది ఆయన ఊహించిన పిల్లలే.

హైస్కూలు చదువు ముగియడం అన్న మాటకు అన్ని దేశాల్లోనూ ఒకే అర్థం లేదు. అమెరికాలో హైస్కూలు 12వ తరగతితో, పదిహేడు పద్దెనిమిదేళ్ళ వయసులో ముగుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో అది పదవ తరగతితో, పదిహేనేళ్ళు నిండీ నిండకముందే ముగుస్తుంది, ఆ తరువాతి రెండేళ్ళ ఇంటర్మీడియట్‌ను జనం కాలేజీ చదువుగానే లెక్కిస్తారు. పదిహేనేళ్ళ వ్యక్తికి ఓటు లేదు, బండి నడిపే లైసెన్సు రాదు, చట్టం ప్రకారం పెళ్ళి చేయడానికి వీల్లేదు. కానీ గణితం వైపా, జీవశాస్త్రం వైపా, రెండూ కాక పనిలోకా అన్న నిర్ణయం మాత్రం ఆ వేసవి సెలవుల్లోనే, తరచుగా ఆ పిల్లవాడు లేని గదిలోనే, జరిగిపోతుంది.

అమెరికా పాఠశాలల్లో క్లాస్ ప్రాఫెసీ అనే ఆచారం ఉండేది. తరగతి జోస్యం అని దానిని తెలుగులో చెప్పుకోవచ్చు. చదువు ముగిసే రోజున ఒక విద్యార్థి, ఇరవై పాతికేళ్ళ తరువాత తన తోటివారు ఒక్కొక్కరూ ఎక్కడ ఏ పనిలో కనబడతారో కల్పించి, పేరుపేరునా వేళాకోళం చేస్తూ చదివేవాడు. దానికి తోడుగా ఇయర్‌బుక్ అనే వార్షిక సంచికలో, జీవితంలో పైకి వచ్చే అవకాశం అందరికంటే ఎక్కువగా ఉన్నది ఎవరికి అన్నదాని మీద ఓట్లు వేసి ఫలితం అచ్చువేసేవారు. తెలుగు వీడ్కోలు సభలో ఇటువంటి జోస్యానికి చోటు లేదు, దానికి కారణం హాస్యప్రియత్వం కొరవడడం కాదు. తథాస్తు దేవతలు పైన తిరుగుతుంటారని నమ్మే సమాజంలో, నిండు సభలో ఒక పిల్లవాడి పేరు పెట్టి వీడు ఇలా అవుతాడని అనడం, అందులోనూ నవ్వుతాలుగా అనడం, పెద్దలు ఒప్పుకునే పని కాదు. అందుచేత ఇక్కడి వీడ్కోలు ప్రసంగం జోస్యంగా కాక ఆశీస్సుగా రూపొందింది. జోస్యం ఫలించిందో లేదో తరువాత సరిచూసుకోవచ్చు, ఆశీస్సుకు ఆ బెడద లేదు. మీలో ఒక కలెక్టరు ఉన్నాడన్న వాక్యం వినడానికి సమాచారంలా ఉన్నా నిజానికి అది అక్షింతలు చల్లడం వంటిదే. శిస్తు వసూలు చేయడానికి ఈస్టిండియా కంపెనీ ఏర్పరచిన ఒక పదవి, కంపెనీ పోయి, దొరలు పోయి, శిస్తు కూడా నామమాత్రమైన తరువాత సైతం తెలుగు ఆశీర్వచనంలో శిఖరంగా నిలిచిపోవడం విడిగా ఒక పరిశోధనకు తగిన విషయం.

ఆశీస్సును పక్కనబెట్టి, ఒక తరగతి నిజంగా ఏమైందో దశాబ్దాల తరబడి ఓపికగా వెంబడించి తెలుసుకున్న సందర్భాలు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. పదే పదే అదే మనుషులను కలుసుకుంటూ సాగే ఇటువంటి పనిని సామాజిక శాస్త్రంలో దీర్ఘకాల అనుసరణ అధ్యయనం అంటారు. 1957లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో హైస్కూలు ముగిస్తున్న విద్యార్థులందరినీ వారి ముందు ముందు చదువుల ఆలోచనల గురించి ప్రశ్నించారు; విలియం సీవెల్ అనే సమాజ శాస్త్రవేత్త ఆ కాగితాల విలువ గ్రహించి, అందులో మూడో వంతును, అంటే 10,317 మందిని, యాదృచ్ఛికంగా ఎంచుకుని వారి జీవితాలను వెంబడించే పని మొదలుపెట్టాడు. 1964లో వారి తల్లిదండ్రులకు ఉత్తరాలు వెళ్ళాయి, 1975లో వారితోనే టెలిఫోనులో మాట్లాడారు, ఆ తరువాత నడివయసులోనూ ముసలితనంలోనూ మళ్ళీ మళ్ళీ పలకరించారు. సీవెల్, హాలర్, పోర్టెస్ అనే ముగ్గురు 1969లో ప్రకటించిన వ్యాసం ఈ సామగ్రి నుంచి తీసిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఇంటి స్థితిగతులకూ పిల్లవాడు చేరుకునే చదువుకూ మధ్య ఒక మెట్టు ఉంటుంది, దాని మీద తల్లిదండ్రుల ప్రోత్సాహం, ఉపాధ్యాయుల ప్రోత్సాహం, స్నేహితుల ఆలోచనలు నిలిచి ఉంటాయి. ఈ మూడు వర్గాలనూ కలిపి వారు పిల్లవాడికి లెక్కలోకి వచ్చే ఇతరులు అన్న అర్థం వచ్చే ఒక పారిభాషిక పదంతో వ్యవహరించారు. తెలుగులో నలుగురూ అన్న మాట దానికి చాలా దగ్గరగా వస్తుంది. నలుగురూ ఏమనుకుంటారు అన్నప్పటి నలుగురు వారే. విస్కాన్సిన్ బృందంలో దాదాపు అందరూ తెల్లవారే కనుక దాని ఫలితాలను ఎక్కడివారికైనా యథాతథంగా వర్తింపజేయడం కుదరదు. అయినప్పటికీ ఒక ఉపాధ్యాయుడు ఒక పిల్లవాడి గురించి చేసే ఊహ బయట నిలబడి చూసే చూపు కాదనీ, ఆ పిల్లవాడి బతుకులో అది కూడా ఒక కారణంగా కలిసిపోతుందనీ ఈ పని సూచించింది. వేదిక మీది ఆశీస్సు ఉత్త మాట కాకపోవచ్చు. పేరుపేరునా చెప్పని ఆశీస్సు మాత్రం ముందు బెంచీ దాటి వెనక్కి పోదు.

ఊహించేవారి తప్పును ఊహించబడినవారే సరిదిద్దిన ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. 1964లో గ్రానడా టెలివిజన్ వేర్వేరు వర్గాలకు చెందిన ఏడేళ్ళ పిల్లలను 14 మందిని ఎంచుకుని సెవెన్ అప్ అనే చిత్రం తీసింది. రెండు వేల సంవత్సరం నాటి ఇంగ్లండు ఎలా ఉండబోతోందో ఆ పిల్లల్లో ముందుగానే చూడవచ్చునని దాని ఉద్దేశం. మొదటి చిత్రానికి పరిశోధకుడిగా పనిచేసిన మైకేల్ ఆప్టెడ్ తరువాతి చిత్రాలకు దర్శకుడై ప్రతి ఏడేళ్ళకూ వారి దగ్గరికి వెళ్ళి, వారికి 63 ఏళ్ళు వచ్చిన 2019 దాకా తీస్తూనే ఉండి, 2021 జనవరిలో మరణించాడు. లండన్ తూర్పు పేటలో పెరిగిన ఒక కుర్రాడు నేరాల వైపు పోతాడని దర్శకుడు అంచనా వేసి, ముందు చూపుగా ఆ పరిసరాలను చిత్రీకరించి సిద్ధంగా ఉంచుకున్నాడు. ఆ కుర్రాడు టాక్సీ నడుపుకుంటూ పెళ్ళాం పిల్లలతో బతికి దర్శకుడి అంచనాను అబద్ధం చేశాడు. అంతకంటే పెద్ద తప్పు ఎంపికలోనే జరిగింది. ఆ 14 మందిలో ఆడపిల్లలు నలుగురే. రాబోయే ఇంగ్లండులో స్త్రీల జీవితాల్లో వచ్చే మార్పే అన్నిటికంటే పెద్ద మార్పు కాబోతుండగా, ఆ సంగతి 1964లో చిత్రం తీసినవారికి తట్టనే లేదని ఆప్టెడే తరువాత విచారంతో ఒప్పుకున్నాడు. అదే దేశంలో 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన పిల్లలను అనుసరిస్తున్న మరో అధ్యయనం, వారికి పదకొండేళ్ళు వచ్చిన 1969లో, తమకు పాతికేళ్ళు వచ్చాయనుకుని తమ జీవితం గురించి వ్యాసం రాయమని అడిగితే పదమూడు వేల మందికి పైగా రాసి ఇచ్చారు. పెద్దలు పిల్లలను ఊహించడానికి బదులు పిల్లలనే అడగడం మేలైన పద్ధతి. అయితే అడిగినవారు సైతం పాతికేళ్ళ దగ్గరే ఆగిపోయారన్నది గమనించదగ్గది, దాని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

తెలుగు పిల్లలను అడిగిన అధ్యయనం కూడా ఉంది. యంగ్ లైవ్స్ అనే పేరుతో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాం దేశాలతో పాటు భారతదేశంలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది మొదలయింది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచీ హైదరాబాదు నుంచీ సుమారు మూడు వేల మంది పిల్లలను, 1994-95 ప్రాంతంలో పుట్టిన వెయ్యి మందిని ఒక జట్టుగా, 2001-02 ప్రాంతంలో పుట్టిన రెండు వేల మందిని మరో జట్టుగా, తీసుకుని వెంబడించారు. ఈ పిల్లలతో మాట్లాడినవారికి ఆశల కరువు ఎక్కడా కనిపించలేదు. కూలి ఇళ్ళ పిల్లలూ, ఆడపిల్లలూ, అక్షరం రాని తల్లుల పిల్లలూ డిగ్రీ దాకా చదవాలనీ ఉద్యోగం చేయాలనీ చెప్పారు, వారి తల్లిదండ్రులూ అదే చెప్పారు. పెద్ద జట్టులోని ఆడపిల్లలు 19 ఏళ్ళకు వచ్చేసరికి వారిలో మూడో వంతుకు పైగా పెళ్ళయిపోయి ఉన్నారు. మగపిల్లల్లో పెళ్ళయినవారు వేళ్ళ మీద లెక్కించదగినంత తక్కువ. ఆశ లేకపోవడం వల్ల వెనకబడ్డారన్న మాట, తెలుగు వీడ్కోలు సభల్లో పెద్ద కలలు కనండి అన్న రూపంలో ఏటా వినపడే మాట, ఈ సాక్ష్యం ముందు నిలవదు.

మరి కొరవడింది ఏమిటన్నదానికి మానవ శాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై 2004లో రాసిన వ్యాసం ఒక సమాధానం ఇచ్చింది. ఆయన ఆశించే శక్తి అన్న భావనను ప్రతిపాదించాడు. ఆశ వ్యక్తి గుండెల్లో పుట్టే కోరిక మాత్రమే కాదనీ, సమాజం ఇచ్చే ఒక దారిపటాన్ని చదవగల నేర్పు అనీ, అందులో దగ్గరి మజిలీలకూ దూరపు గమ్యానికీ మధ్య ఎన్ని దారులు గీసి ఉంటే ఆశకు అంత బలమనీ, కలిగినవారి పటంలో ఆ దారులు దట్టంగానూ పేదవారి పటంలో పలచగానూ ఉంటాయనీ ఆయన వాదన. తెలుగు దేశపు పటం ఈ వాదనకు చక్కని నిదర్శనం. పదవ తరగతి ఫలితాలు వచ్చిన ఇంటికి వెళ్ళినవారు ఎన్ని మార్కులు అన్న ప్రశ్న తరువాత అడిగే రెండో ప్రశ్న ఏ గ్రూపు అన్నది, జవాబు ఎం.పి.సి. అయితే దాని వెనక ఎంసెట్ లేదా ఇప్పటి పేరుతో ఈఏపీసెట్, ఇంజనీరింగ్ కాలేజీ, ఫీజు రీయింబర్స్‌మెంట్, హైదరాబాదులో కోచింగు, వీలైతే అమెరికా అన్న మజిలీలు అడిగినవారికీ చెప్పినవారికీ ఒక్క గుక్కలో కళ్ళకు కడతాయి. సి.ఇ.సి. అన్నా హెచ్.ఇ.సి. అన్నా మాట అక్కడే ఆగి, తాగడానికి మంచినీళ్ళు వస్తాయి. దారి లేక కాదు. చరిత్ర, పౌరశాస్త్రం చదివినవారు న్యాయవాదులూ, పత్రికా రచయితలూ, వేదిక మీది ఆశీస్సులో ఉన్న కలెక్టర్లూ అయిన మాట అందరికీ తెలుసు. ఆ దారిలో నడిచి వెళ్ళిన పక్కింటి అబ్బాయి కనబడకపోవడమే కొరత. మూడు అక్షరాల గ్రూపు పేరు ఒక జీవితకథకు సంక్షిప్త రూపమైపోయిన చోట, ముప్ఫై మంది పిల్లలకు ముప్ఫై జీవితాలను ఊహించే శ్రమ ఎవరూ పడరు, రెండు మూడు కథలతో సరిపెడతారు.

ఇక్కడ ఊహించేవారి జాబితాలో సాధారణంగా ఎవరూ చేర్చని ఒక పాత్రను చేర్చవలసి ఉంది, అది ప్రభుత్వం. పెద్దలు ఆశీర్వదిస్తారు, పిల్లలు ఆశపడతారు, ప్రభుత్వం మాత్రం ఒక కాగితం ఇస్తుంది, ఆ కాగితం పేరు పదవ తరగతి మెమో. దాని మీద ఉన్న మార్కుల గురించి తెలుగు సమాజం మాట్లాడినంతగా ఆ కాగితం తరువాతి యాభై ఏళ్ళలో చేసే పనుల గురించి మాట్లాడదు, ఆ పనులు మాత్రం విస్తారమైనవి. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పెట్టిన ట్రిపుల్ ఐటీల్లో, గ్రామీణ పేద పిల్లల కోసమే వాటిని తలపెట్టినందువల్ల, ప్రవేశ పరీక్ష లేకుండా పదవ తరగతి ఫలితాన్నే కొలతగా తీసుకుని, పది పాయింట్ల గ్రేడు అమలులో ఉన్న సంవత్సరాల్లో ప్రభుత్వ బడుల పిల్లలకు దానికి 0.4 కలిపేవారు, వెనకబాటుకు ప్రభుత్వం కట్టిన లెక్క అది, దశాంశ స్థానంలో ఒక అంకె. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి రాత పరీక్ష లేదు, పదవ తరగతి మార్కులే వరుస నిర్ణయిస్తాయి. లెక్కల పరీక్ష నాడు జ్వరం వచ్చిన పిల్లవాడికి ఆ జ్వరం పదేళ్ళ తరువాత పోస్టాఫీసు జాబితాలో కనబడుతుంది. సైన్యంలో జనరల్ డ్యూటీ అగ్నివీరుడికి పదిలో మొత్తం మీద 45 శాతం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబరులో అమలులోకి వచ్చిన కల్యాణమస్తు పథకం పెళ్ళి ఖర్చుకు సాయం ఇవ్వాలంటే వధూవరులిద్దరూ పదవ తరగతి ఉత్తీర్ణులై ఉండాలని షరతు పెట్టింది. ఆడపిల్లను బడి మాన్పించకుండా ఉంచడానికి పెళ్ళినే ఎరగా వేయడంలో ఉన్న చమత్కారాన్ని పథకం రాసినవారు ఉద్దేశించారో లేదో గాని, అది సమాజాన్ని బాగా ఎరిగినవారు రాసిన నిబంధనే.

గల్ఫ్ వలసల సంగతికి వస్తే ఈ కాగితం బరువు ఇంకా తెలుస్తుంది. 1983 నాటి వలస చట్టం కింద, పదవ తరగతి ఉత్తీర్ణత లేనివారి పాసుపోర్టు సాధారణంగా ఎమిగ్రేషన్ చెక్ కావలసిన వర్గంలో పడుతుంది, అంటే సౌదీ అరేబియా, కువైట్, ఎమిరేట్లు వంటి 18 దేశాలకు పనికోసం వెళ్ళేముందు వారు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పది ఉత్తీర్ణులకు ఆ అవసరం లేదు. పైగా ఆ వర్గానికి చెందిన స్త్రీ 30 ఏళ్ళు నిండితే గాని పనికోసం ఆ దేశాలకు చట్టబద్ధంగా వెళ్ళలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతాల్లో ఒక మగపిల్లవాడి జీవితంలోనూ, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళే స్త్రీల జీవితంలోనూ, పదవ తరగతి లెక్కల పేపరులో ఉత్తీర్ణత మార్కులు రావడానికీ రాకపోవడానికీ మధ్య ఏజెంటు చేతిలో పడడం, పడకపోవడం అన్న తేడా ఇమిడి ఉంది. నిబంధన రక్షణ కోసమే పెట్టారు. ఆ రక్షణ కావలసినవారే చాలాసార్లు నిబంధనను చుట్టు తిరిగి దొంగదారిన పోయి రక్షణ లేని చోట చిక్కుకున్నారన్నదీ అంతే నిజం. వీడ్కోలు సభలో విదేశం అన్న మాట వచ్చినప్పుడు వేదిక మీదివారికి స్ఫురించేది డాలసూ న్యూజెర్సీలే, వెనక బెంచీకి దోహా స్ఫురించవచ్చు.

ఆ కాగితం మీద పుట్టిన తేదీ కూడా ఉంటుంది. పిల్లల న్యాయ చట్టం, 2015 ప్రకారం ఒక వ్యక్తి బాలుడా కాదా అన్న వివాదం వస్తే ముందుగా చూడవలసినది బడి లేదా మెట్రిక్యులేషన్ ధ్రువపత్రంలోని తేదీయే, పంచాయతీ జనన ధ్రువీకరణ దాని తరువాతిది. అయితే ఆ తేదీ వచ్చిన విధానం తెలిసినవారు దానిని అంత గంభీరంగా చూడలేరు. గత శతాబ్దంలో పల్లె బడిలో చేర్చుకునేటప్పుడు తల్లి, గాలివాన వచ్చిన ఏడాదనో పెద్ద కరువు ముందరనో చెప్తే, పంతులు జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేవాడు. తెలుగునాట ఒక తరం ఉద్యోగుల పుట్టినరోజులు ఆ రెండు నెలల్లో గుమిగూడడం జ్యోతిషానికి సంబంధించినది కాదు. ముందు చూపున్న పంతులు ఒకటి రెండేళ్ళు తగ్గించి రాసేవాడు, ఎందుకంటే ఈ పిల్లవాడు ఎప్పటికైనా సర్కారు కొలువులో చేరితే పదవీ విరమణ అంత ఆలస్యంగా వస్తుంది. అయిదేళ్ళ పిల్లవాడి చేయి తలమీదుగా చెవికి అందుతుందో లేదో చూసి బడిలో చేర్చుకుంటూ, అదే కలంతో అతడి యాభై ఎనిమిదో ఏటిని సర్దిపెట్టిన ఆ పంతులును మించి భవిష్యత్తును ఊహించినవారు లేరు. ఈ అధికారం ఇక చెల్లిపోతోంది. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి జనన ధ్రువపత్రమే తేదీకి ఆధారం. వారు పదవ తరగతికి వచ్చేనాటికి మెమో మీది తేదీకి సాక్ష్యంగా పూర్వపు విలువ ఉండదు.

ఉత్తీర్ణత అన్నదాన్ని పిల్లవాడి గుణంగా భావించే అలవాటు ఎంత బలహీనమైనదో ఇటీవలి సంవత్సరాలే చూపించాయి. కరోనా కారణంగా 2020లోనూ 2021లోనూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదవ తరగతి పరీక్షలు పూర్తిగా జరగకుండానే అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 94 శాతానికి పైగా ఉన్న ఉత్తీర్ణత, పరీక్షలు తిరిగి మొదలైన 2022లో 67 శాతానికి పడింది. 2021లో పదిలో ఉన్నవాడు, 2022లో పదిలో ఉన్న అతడి తమ్ముడు, ఒకే ఇంట్లో ఒకే ఫోను మీద పాఠాలు విన్నవారు, కాగితం దగ్గర వేరైపోయారు.

ఇంతవరకు ఊహించినవారి గురించి చెప్పుకున్నాక, ఆ ఊహ పరీక్షకు నిలిచే సందర్భాన్ని కూడా చూడాలి. అది గత పదిహేను, ఇరవై ఏళ్ళలో తెలుగునాట విరివిగా పెరిగిన పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం. వాట్సాప్ గ్రూపుతో మొదలై, ఊరి మొదట్లో ఫ్లెక్సీతో బయటపడి, పాతికేళ్ళ నాటి హాజరు పట్టీని ఎవరో ఒకరు బిగ్గరగా చదవగా నలభై ఏళ్ళవారు ఎస్ సార్ అని పలకడంతో, పాత ఉపాధ్యాయులకు శాలువాలు కప్పడంతో, బడికి ఒక నీటి శుద్ధి యంత్రమో కొన్ని బల్లలో ఇవ్వడంతో ఆ రోజు ముగుస్తుంది. అమెరికా తరగతి జోస్యాన్ని వెనక నుంచి ముందుకు చదివినట్టు ఉండే ఈ వేడుకలో హాజరు పట్టీ చదివే ఘట్టమే అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే పలకనివారి పేర్లు కూడా అందులో వినపడతాయి. పలికినవారి నుంచే తరగతి కథను అల్లడాన్ని గణాంక శాస్త్రంలో మిగిలినవారి పక్షపాతం అంటారు, అంటే చివరిదాకా కనబడినవారిని మాత్రమే లెక్కించి అందరూ అటువంటివారేనని భ్రమపడడం. సమ్మేళనానికి వచ్చేది చెప్పుకోదగ్గ జవాబు ఉన్నవారు. అప్పుల్లో ఉన్నవారు, భర్త పంపనివారు, తాగుడులో పడినవారు, కాలం చేసినవారు రారు.

రానివారిలో ఆడపిల్లల సంఖ్య ఎప్పుడూ ఎక్కువే. దానికి ఇంటి కట్టుబాట్లు ఒక కారణం కాగా వెతికేవారికి ఎదురయ్యే సాంకేతికమైన కారణం మరొకటి ఉంది: పెళ్ళితో ఊరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, ఫోను చాలాకాలం భర్త పేరిటే ఉంటుంది, బడి రిజిస్టరులో ఉన్న పేరుతో ఫేస్‌బుక్‌లో వెతికితే ఎవరూ దొరకరు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. గ్రూప్ ఫొటోలో కుర్చీల వెనక వరుసలో నిలబడిన పదిహేను మంది ఆడపిల్లలకు ఈ రేటును వర్తింపజేస్తే నలుగురు, ఫొటో తీసిన మూడేళ్ళలోపే, మరో ఇంటి రేషన్ కార్డులో చేరతారు. తరగతిలో పదవ పరీక్ష దాకా వచ్చినవారికి ఆ రేటు సగటు కంటే తక్కువగా ఉంటుందని ఊరట చెప్పుకోవచ్చు; అందాకా రానివారు ఫొటోలోనే లేరు గనుక ఆ ఊరట సగం ఊరటే. ఆ ఆడపిల్లల ఆచూకీని చివరికి పట్టేది ఎవరని చూస్తే, ఎక్కువసార్లు ఊరు విడవని వ్యక్తి, కిరాణా కొట్టో, ఎరువుల దుకాణమో, ఆటోనో నడుపుకునే వ్యక్తి. ఎవరిని ఏ ఊరికి ఇచ్చారో, ఏ పండగకు పుట్టింటికి వస్తారో అతడికే తెలుసు. వీడ్కోలు సభ ఊహించని జీవితం అతడిదే. ఏ ఆటోగ్రాఫ్ పుస్తకంలోనూ ఆశయం గడిలో ఊళ్ళోనే ఉండడం అని ఎవరూ రాయరు, ఆ ఒక్కడు లేకపోతే తరగతి మళ్ళీ తరగతి కాదు.

ఊహ ఏ వయసు దగ్గర ఆగుతుందన్న ప్రశ్న మిగిలింది. బ్రిటిష్ వ్యాసాల్లాగే తెలుగు ఆశీస్సు కూడా పాతికేళ్ళ దగ్గర, ఉద్యోగం వచ్చి పెళ్ళి కుదిరిన చోట, సినిమా ముగిసినట్టు ముగిసిపోతుంది. విస్కాన్సిన్ అధ్యయనం దశాబ్దాలు సాగినకొద్దీ ప్రశ్నావళిలో ఉద్యోగం గురించిన ప్రశ్నలు పలచబడి, ముసలి తల్లిదండ్రులను చూసుకోవడం, మోకాళ్ళు, నిద్ర, జ్ఞాపకశక్తి, వైధవ్యం వంటివి చిక్కబడ్డాయి. ఒక తరగతి జీవితంలో ఎక్కువ భాగం అదే. 2026లో తెలుగు రాష్ట్రాల్లో పదవ తరగతి ముగించేవారు 2010-11 ప్రాంతంలో పుట్టినవారు, వారికి 60 ఏళ్ళు 2070-71 ప్రాంతంలో వస్తాయి. పైన చెప్పిన సర్వేలోనే ఒక స్త్రీకి కలిగే సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 అని తేలింది; ఒక తరం తన స్థానాన్ని తాను భర్తీ చేసుకోవడానికి 2.1 కావాలన్నది జనాభా శాస్త్రపు లెక్క. ఆరుగురు అన్నదమ్ములు వంతులు వేసుకుని తల్లిని చూసుకున్న తాతలకు మనవలైన ఈ పిల్లల్లో చాలామందికి తోడబుట్టినవారు ఒక్కరే, కొందరికి వారూ లేరు. నలభై అయిదేళ్ళ వయసులో, తానున్న నగరం నుంచి ఊళ్ళో పడిపోయిన తండ్రి దగ్గరికి రాత్రి బస్సులో బయలుదేరడం ఈ తరగతిలో ఎందరికో తప్పని ప్రయాణం, దానికి ఏ గ్రూపూ సిద్ధం చేయదు. ఆ తండ్రిని ముందుగా ఆసుపత్రికి చేర్చేవాడు ఊరు విడవని ఆ తోటి విద్యార్థే అయ్యే అవకాశం ఎక్కువ. తరగతిని ముప్ఫై విడి విడి గెలుపు ఓటములుగా కాక, ఒకరి బరువు ఒకరి మీద పడే కట్టుగా ఊహించవలసిన అవసరం ఇక్కడ కనబడుతుంది, వరుసల్లో నిలబెట్టి తీసే ఫొటోకు ఆ సంగతి తెలియదు.

వీడ్కోలు సభ అయి, ఫలితాలు వచ్చాక, జూన్‌లో బడి తెరిచే నాటికి పిల్లలు టీసీ కోసం వస్తారు. బదిలీ ధ్రువపత్రంలో విడిచి వెళ్ళడానికి కారణం అన్న గడి ఒకటి ఉంటుంది. పాలిటెక్నిక్‌లో చేరేవాడికీ, బావ కొట్లో కూర్చునేవాడికీ, శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్న అమ్మాయికీ అందులో పై చదువుల నిమిత్తం అనే రాస్తారు, ప్రవర్తన అన్న చోట సంతృప్తికరం అని రాస్తారు. ఆ కింద గుర్తింపు చిహ్నాలు అన్న గడికి రెండు పుట్టుమచ్చలు కావాలి. ఆ గడి నింపడానికి మాత్రం ఉపాధ్యాయుడు కలం ఆపి, ఎదురుగా నిలబడిన పిల్లవాడి చేతులు ముందుకు చాపమని, మెడ పక్కకు తిప్పమని అడిగి, ఒక్కొక్కరినీ విడివిడిగా పరీక్షగా చూస్తాడు.